యంత్రపు రంపము - చేతి అలవాటు

చేతిరంపముతో మనకు తరతరాల పరిచయము గలదు. దానితో కోయునపుడు వడ్రంగి ఎడమచేతి బొటనవ్రేలిని గీటు ప్రక్కనే నిలిపి, గోటికి రంపపు రేకు నానించి, ఒకటి రెండు మార్లు మెల్లగా లాగి గాడి పడనిచ్చును. గాడి పడిన పిమ్మట రంపము తన దారిని తాను పోవును. ఎప్పుడైన రంపము జారినచో వ్రేలు గీచుకొనును. గుడ్డపీలిక చుట్టి పని సాగింతురు. ఇట్లు పనివాని చేయి రంపమునకు చేరువగా నుండుట నేర్చుకొన్నది. ఆ చేరువయే పనితనమని కూడ మనము భావించుచు వచ్చితిమి.

ఇప్పుడు వడ్రంగపు కొట్లలోను, ఇండ్లు కట్టుచున్న చోట్లను విద్యుచ్ఛక్తితో నడుచు మైటరు రంపము విరివిగా కానవచ్చుచున్నది. పటముల చట్రములు, తలుపుల చుట్టు కొట్టు పట్టీలు మూలలందు చక్కగా కలియవలెనన్న, ఒక్కొక్క పట్టీని 45 డిగ్రీల వాలున కోయవలెను. రెండును కలిసిన 90 డిగ్రీల మూల యగును. ఒక్క డిగ్రీ తప్పినను సందు కంటికి కనబడును. ఈ కోతను యంత్రము కొద్ది క్షణములలో పూర్తిచేయును. క్రింద ఒక బల్ల, దాని వెనుక నిలువుగా నుండు ఆనుడు పలక, పైన మోటారుకు బిగించిన గుండ్రని రంపపు చక్రము - ఇదియే దాని రూపము. పిడి పట్టి చక్రమును క్రిందికి దించినచో కొయ్య తెగును.

పది అంగుళముల చక్రము నిమిషమునకు 5000 మార్లు తిరుగుననుకొందము. దాని చుట్టుకొలత ఇంచుమించు 80 సెంటీమీటర్లు. అనగా చక్రపు అంచున నున్న ప్రతి పన్నును నిమిషమునకు నాలుగు కిలోమీటర్లు, గంటకు 240 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. ప్రమాదమును గ్రహించి చేయి వెనుకకు తీసికొనుటకు మనిషికి పావు సెకండైనను పట్టును. చక్రమునకు 60 పండ్లున్నచో ఆ పావు సెకండులో వేయికి పైగా పండ్లు ఆ చోటును దాటిపోవును. కావున ఇచట చురుకుదనము మనలను రక్షింపజాలదు. చేయి ముందుగనే దూరముగ నుండుట యొక్కటే రక్షణ. చేతిరంపము నేర్పిన చేరువను యంత్రము వద్ద మరచిపోవలెను. మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే.

ఎంత దూరము? చక్రమునకు ఇరువైపుల ఆరేసి అంగుళములు, అనగా 15 సెంటీమీటర్లు. బల్లపై ఆ మేరకు రెండు ఎర్రగీతలు గీయుట మంచిది. మోటారు తిరుగుచుండగా చేయి ఆ గీతలను దాటరాదు. ఒక చేతిపై నింకొక చేయి అడ్డముగ పోనీయరాదు. చిన్నముక్క కావలసి వచ్చినపుడు పొడుగు కొయ్యను పట్టుకొని దాని చివరనుండి కోయవలెను. అదియును కుదరనిచో క్లాంపుతో బిగింపవలెనే గాని వ్రేళ్లతో పట్టరాదు.

రెండవది, కొయ్య కదలకుండుట. కొయ్య క్రింద బల్లకును, వెనుక ఆనుడు పలకకును అంటియుండవలెను. కోత పడుచోట సందున్నచో కొయ్య మెలిదిరిగి చక్రమును పట్టివేయును, లేదా ఎగురును. దానిని పట్టుకొన్న చేయియు దానితోపాటు చక్రము వైపునకు లాగబడును. వంగిన కొయ్యయైనచో ఉబ్బిన వైపును ఆనుడు పలకకు చేర్చి, కోత పడుచోట సందు లేదని చూచి, బిగింపవలెను. పొడుగు కొయ్య చివర వ్రేలాడకుండ బల్ల యెత్తుననే ఒక ఆధారము నిలుపవలెను. చాలచోట్ల ఈ పనికి పని నేర్చుకొనుచున్న కుర్రవానిని నిలబెట్టుచున్నారు. ఇది తగదు. వాడు తెలియక చివర నెత్తినను, దించినను కోత మూసికొని చక్రము బిగిసిపోవును. ఆధారమునకు కొయ్య దిమ్మ చాలును, పిల్లవాడు వలదు.

మూడవది, పని వరుస. మీట నొక్కి చక్రము పూర్తి వేగము నందుకొన్న పిమ్మటనే మెల్లగా దింపవలెను. కోత ముగియగానే మీట వదలి, చక్రము పూర్తిగా నిలుచువరకు పిడిని క్రిందనే ఉంచవలెను. ఆ తరువాతనే పైకెత్తి, ముక్కను తీయవలెను. మీట వదలినను చక్రము కొన్ని సెకండ్లు తిరుగుచునే యుండును. తెగిన ముక్కకై చేయి చాచుటకు తొందరపడునది ఆ క్షణముననే. ముందువెనుకలకు జరుగు రంపములయందు మొదట తలను తనవైపునకు లాగి, మీట నొక్కి, దించి, ఆవలికి నెట్టుచు కోయవలెను. తనవైపునకు లాగుచు కోసినచో చక్రము కొయ్యపై కెక్కి మనమీదికి రావచ్చును.

చక్రముపై నున్న కదలు కవచము చూపున కడ్డమని కొందరు తీగతో పైకి కట్టివేయుదురు. అది కాపలావానిని కట్టివేయుటయే. వదులు చొక్కాచేతులు, భుజముపై తువ్వాలు, ముంజేతి దారములు, కడియములు పనివేళ ఉండరాదు. చేతితొడుగులు మేలని తోచును గాని, పండ్లకు తగిలినచో అవి చేతిని లోపలికి లాగును. పాత ఇంటి టేకు కోయునపుడు లోపల మేకులున్నవేమో ముందు వెదకవలెను. చక్రము మార్చునపుడు మీట ఆర్పిన చాలదు, ప్లగ్గును ఊడదీయవలెను. క్రొత్త చక్రముపై వ్రాసియున్న గరిష్ఠవేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు.

కంటికి అద్దములు, చెవులకు మూతలు తప్పవు. పొట్టును తేలికగా చూడరాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లో కొయ్యధూళిని మానవులకు క్యాన్సరు కలిగించువాని పట్టికలో చేర్చినది. ముక్కునకు తగిన మాస్కు, యంత్రమునకు పొట్టుసంచి ఉండవలెను.

ఇంత జాగ్రత్తపడినను ప్రమాదము జరిగినచో, గాయముపై శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి, 108కి ఫోను చేయవలెను. వ్రేలు తెగి పడినచో దానిని పారవేయరాదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుముక్కల నడుమ ఉంచి రోగితోపాటు పంపవలెను. వ్రేలు నేరుగా మంచునకు తగులరాదు. వేళకు చేరినచో వైద్యులు దానిని తిరిగి అతుకగలుగుటకు అవకాశము గలదు.

చివరగా గృహస్థులకు ఒక మాట. మన ఇంటి పనికి వచ్చిన వడ్రంగి క్షేమములో మనకును పాలు గలదు. యంత్రము నిలుపుటకు సమతలమైన చోటు, మంచి వెలుతురు, ఎర్తు గల మూడు కన్నుల ప్లగ్గు చూపుట మన పని. పిల్లలను దూరముగ నుంచుటయు మన పనియే. అన్నిటికంటె ముఖ్యముగ, చక్రము తిరుగుచుండగా అతనిని పలుకరింపరాదు. గృహప్రవేశపు ముహూర్తము దగ్గరపడినదని తొందర పెట్టరాదు. ఒక పట్టీ కోయుటకు అదనముగ పట్టునది అర నిమిషము. ఆ పట్టీలు కోసి ఇల్లు గడుపుకొనువానికి పది వ్రేళ్లును జీవితాంతము కావలెను.