డర్బన్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది, మా చిన్నాయన ఇంటి తలుపు తట్టాల్సి వచ్చింది

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. మా ఇంటి సంగతి ఒకటి చెప్తా. చివరిదాకా వినండి, మీ ఇంట్లో కూడా పనికొస్తుంది.

నేను సూళ్లూరుపేటలో పెరిగినవాణ్ణి. మా అవ్వావాళ్ళది మాత్రం శ్రీహరికోట దీవిలోని ఒక ఊరు. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది, పేరు రోహిణి-125. ఈ మధ్యకాలంలోనే దీవి మీద ఊళ్ళు ఖాళీ అయినాయి. మావాళ్ళు మూటాముల్లె సర్దుకొని పులికాట్ సరస్సు ఇవతలకి వచ్చేశారు. కొందరు పేటలో, కొందరు తడ వైపు, కొందరు మద్రాసు. అట్లా చెదిరిపోయిన కుటుంబం మాది.

పోయిన ఏడాది ఒక రాత్రి ఇన్‌స్టాలో మెసేజ్ వచ్చింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక అమ్మాయి. తన పేరు చెప్పొద్దంది, చెప్పను. "మీ వీడియోలో శ్రీహరికోట అన్నారు. మా ముత్తాత తండ్రి కాగితంలో అలాంటి పేరే ఉంది. ఒకసారి చూస్తారా?" అని అడిగింది. కింద ఒక ఫోటో.

నాకు ఫస్ట్ వచ్చిన డౌట్ ఏంటంటే, ఇది స్కామ్ ఏమో అని. మీకూ అదే వచ్చుంటుంది కదా? అయితే ఆ ఫోటో చూశాక నిద్ర పట్టలేదు.

కొంచెం చరిత్ర చెప్తా, బోర్ కొట్టదు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో ఉన్నవాళ్ళు చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు. అప్పటి నుంచి 1911 దాకా అట్లా నటాల్ వెళ్ళినవాళ్ళు లక్షా యాభై రెండు వేల మంది పైనే. వాళ్ళలో ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే. తమిళులు, మన తెలుగోళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది జీతం నెలకి పది షిల్లింగులు. మారిషస్‌కి అంతకు ముందే, 1834 నుంచే వెళ్ళారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలైనాయి.

ఎందుకు వెళ్ళారు? ఒక్క కారణం కాదు. అప్పులు, పని లేకపోవడం, ఇంట్లో గొడవలు. 1876-78లో వచ్చిన ధాత కరువు ఈ ప్రాంతాలనన్నిటినీ పిండేసింది. మా వైపు నుంచి మద్రాసు పోవడం కష్టం కూడా కాదు. బకింగ్‌హాం కాలువ మీద పడవలు కట్టెలేసుకొని పోతా ఉండేవి. పడవ ఎక్కితే మద్రాసు, మద్రాసులో ఓడ ఎక్కితే ఇంక అంతే.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ రిజిస్టర్‌లో ఒక వరుస ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. నేను సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళు డేటాబేస్‌లు చూసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, చాలా నీటైన టేబుల్ అది. క్వాజులు-నటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ లిస్టులను ఆన్‌లైన్‌లో పెట్టింది.

ఒక్క కాలమ్ మాత్రం లేదు. ఇంటిపేరు. మనం మనిషిని గుర్తుపట్టేదే ఇంటిపేరుతో, అదే లేదు!

ఇంకో చిక్కు స్పెల్లింగ్. మన మనిషి నోటితో చెప్పిన ఊరి పేరుని గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసేశాడు. చూసి చదివితే అర్థం కాదు, గట్టిగా పైకి చదవాలి. మూడోది జిల్లా. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. మీ పెద్దలది చిత్తూరు వైపైతే, రిజిస్టర్‌లో ఉత్తర ఆర్కాటు అని వెతకాలి. తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. మా సూళ్లూరుపేట అంతకు ముందు నెల్లూరు జిల్లా. ఇది తెలియక చాలామంది మొదటి రోజే వదిలేస్తారు.

ఆ అమ్మాయి పంపిన వరుసలో జిల్లా నెల్లూరు. ఊరి పేరు పైకి చదివితే మా ఊరిలాగే వినపడింది. ఆయన పేరు చూస్తే, సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి పేరు మీద పెట్టుకునే పేరు. మా వైపు వీధికి ఇద్దరుంటారు అట్లాంటి పేరున్నోళ్ళు. కాబట్టి మనిషి ఈ చుట్టుపక్కల వాడే అనిపించింది, మా వాడేనని మాత్రం చెప్పలేం.

అవ్వకి చెప్పినా. అవ్వకి ఎనభై దాటినాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అనింది, "మీ తాతకి తాత ఉండాడే, ఆయనకి ఒక అన్న ఉండేవాడంట్రా. మద్రాసు పోయి మళ్ళీ రాలేదంట. మా అత్త మహాలయ అమావాస్యకి ఆయన పేరు చెప్పి ఇంకో ఆకు వేసేది. ఉండాడో పోయినాడో తెలీదు, అయినా ఆకు వేసేది."

ఒళ్ళు జలదరించింది నాకు. వెంటనే వీడియో తీసేద్దామనుకున్నా. థంబ్‌నెయిల్ కూడా రెడీ, "130 ఏళ్ళ తర్వాత దొరికిన రక్తసంబంధం" అని. అప్‌లోడ్ కొట్టబోతూ ఆగినా. తండ్రి పేరు సరిపోయిందా లేదా? అది చూడలేదు కదా.

ఆ పేర్లన్నీ మా తాత ఒక నోటుబుక్‌లో రాసి పెట్టాడు, పెద్దలకి పెట్టేటప్పుడు చదవడానికి. ఆ బుక్ మా చిన్నాయన దగ్గరుంది. మా నాయనా, చిన్నాయనా పదకొండేళ్ళుగా మాట్లాడుకోరు. గట్టు తగాదా. మా ఇంటికీ వాళ్ళింటికీ బైక్ మీద ఇరవై నిమిషాలు. డర్బన్‌లో ఉన్న అమ్మాయితో రోజూ చాట్ చేస్తున్నా, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చిన్నాయన నంబర్ నా ఫోన్‌లో లేదు. సిగ్గేసింది, నిజంగా.

పోయినా. పిన్ని తలుపు తీసి, "ఏంది నాయనా, ఇంట్లో అందరూ బాగుండారా?" అని కంగారుపడింది. ఎవరికో ఏదో అయిందనుకుంది. పదకొండేళ్ళ తర్వాత మనిషొస్తే ముందు చావు కబురే గుర్తొస్తుందని అప్పుడే తెలిసింది నాకు.

చిన్నాయన అంతా విన్నాడు. విని ఒకటే ప్రశ్న అడిగాడు, "వాళ్ళు భాగం అడగరు కదరా?" నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ భయం ఉత్తదేం కాదు. అన్నదమ్ములు విడిపోయిందే భూమి దగ్గర. వాళ్ళకి భూమి వద్దు చిన్నాయనా, ఒక పేరు కావాలంతే అన్నా. లేచి బీరువాలో నుంచి బుక్ తీశాడు.

తండ్రి పేరు సరిపోయింది. వయసు మాత్రం సరిపోలేదు. రిజిస్టర్ లెక్క ప్రకారం ఆయన తమ్ముడవ్వాలి, అవ్వ మాట ప్రకారం అన్న. వయసులు అందాజుగా రాసేవాళ్ళు కాబట్టి తేడా ఉండొచ్చు. కానీ అదే పేరున్న ఇంకో మనిషి కూడా అయ్యుండొచ్చు. అందుకే ఆ థంబ్‌నెయిల్ డిలీట్ చేసినా. ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పినా, "ఇన్ని కలిశాయి, ఇది కలవలేదు. చాలావరకు మనం ఒకటే, ఖాయం అని మాత్రం చెప్పలేను" అని. తను రాసింది, "ఆకు సంగతి చాలు నాకు. ఎవరో ఒకరు ఆయన కోసం ఎదురుచూశారని తెలిసింది."

మీరూ వెతకాలనుకుంటే నాలుగు మాటలు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి వాయిస్ రికార్డ్ చేయండి, ఈ వారమే. పేర్లతో పాటు కులదైవం, మొక్కులు, ఊరి చెరువు పేరు కూడా అడగండి. రెండోది, ఒక్క పేరు కలిస్తే చుట్టాలు అయిపోరు. పేరు, తండ్రి పేరు, ఊరు, కనీసం ఈ మూడూ చూడండి. మూడోది, మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో రికార్డులున్నాయి, ఫిజీ అయితే అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో. నాలుగోది, కులం కాలమ్ చూసి ఎవరినీ తక్కువ చేయొద్దు, ఎక్కువా చేయొద్దు. ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ పంపొద్దు.

ఆ అమ్మాయి వస్తానంటోంది. పాత ఊరు చూపించడం కుదరదు, అది కేంద్రం లోపల ఉంది. అయితే 2019 నుంచి రాకెట్ ప్రయోగం చూడ్డానికి జనానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. అక్కడికి తీసుకెళ్తా. ఆయన వదిలిపోయిన దీవి మీద నిలబడుతుంది కదా, అది చాలు.

చివరిగా ఒకటి. పోయిన నెల మా నాయన "ఆ బుక్కు ఒకసారి చూడాల" అని బండి తీశాడు. చిన్నాయన ఇంటికే పోయినాడు. అన్నం తిని వచ్చాడు. గట్టు మాట ఇద్దరూ ఎత్తలేదంట. ఈసారి మహాలయ అమావాస్యకి రెండిళ్ళూ కలిసి పెడదామన్నారు, ఆ ఇంకో ఆకుతో సహా.

మీ ఇంట్లో మాట్లాడుకోని చుట్టం ఎవరో కామెంట్‌లో రాయొద్దు, వాళ్ళకే ఫోన్ చేయండి. ఉంటా మరి, బై.