లేత్ షాపులో చేయించిన షాఫ్టుకు అంత ఖరీదెందుకు?



చాకీ సొంతంగా పెంచేవారికి ఆకు తరిగే మిషనుతో ఎంత పనో తెలిసిందే. పురుగులు రెండో జ్వరానికి రాకముందే ఆ మిషను షాఫ్టు అరిగి ఊగిందనుకోండి, ఆకు సమంగా తెగదు, నలిగి తొందరగా వాడిపోతుంది. అప్పుడు చింతామణికో హోసూరుకో పరుగెత్తుతారు. అంగట్లో కొత్త బేరింగు చవకగానే దొరుకుతుంది. జానెడు షాఫ్టుకు మాత్రం లేత్ షాపతను దానికి ఎన్నో రెట్లు అడుగుతాడు. "బేరింగులో గుండ్లున్నాయి, రెండు రింగులున్నాయి. ఇది ఒట్టి కడ్డీయే కదా!" అంటారు మీరు. అడగవలసిన మాటే.

6204 నంబరు బేరింగు ఏ కంపెనీది కొన్నా లోపలి వ్యాసం 20 మి.మీ., బయటి వ్యాసం 47, వెడల్పు 14. అందరికీ ఒకే కొలత కాబట్టి లక్షల సంఖ్యలో తయారవుతుంది. మిషన్లు అమర్చిన ఖర్చు ఆ లక్షల మీద పంచుకుపోతుంది. మీ షాఫ్టు సంగతి వేరు. పాతది కొలవాలి, అరిగినచోట అసలు కొలత ఎంతో తేల్చాలి, కడ్డీ కోసి లేతుకు బిగించి మధ్య సరిచూడాలి, పుల్లీకి కీ గాడి మరో మిషను మీద తియ్యాలి. ఈ సిద్ధపాటు ఖర్చంతా ఆ ఒక్క షాఫ్టు మీదే పడుతుంది. బేరింగు కూర్చునేచోట మిల్లీమీటరులో నూరో వంతు లెక్క కూడా చూడాలి. కాస్త ఎక్కువ తెగితే బేరింగు వదులై తిరుగుతుంది. తెగిన ఇనుము మళ్లీ అతకదు, కడ్డీ, కూలి రెండూ దండగ. ఇనుము కిలో ధర చెప్పి బేరమాడితే టర్నరుకు కోపం వచ్చిందంటే తప్పు పట్టలేం.

సిద్ధపాటుకు 2 గంటలు, చెక్కడానికి 15 నిమిషాలు అనుకుందాం. ఒక్కరే వెళితే 2 గంటల 15 నిమిషాల కూలి మీదే. అదే రకం మిషన్లున్న పదిమంది కలిసి ఒకేసారి చేయిస్తే మొత్తం నాలుగున్నర గంటలు, తలకు 27 నిమిషాలు.

వెళ్లేటప్పుడు పాత షాఫ్టుతోపాటు బేరింగు, పుల్లీ కూడా పట్టుకెళ్లండి. ఎక్కడ బిగువు కావాలో, ఎక్కడ అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫరవాలేదో చెప్పండి. అంతటా నునుపు అడిగితే దానికీ డబ్బే. బేరింగు, బోల్టు, బెల్టులాంటివి అంగట్లో దొరికే కొలతలకే సరిపడేలా షాఫ్టు చేయించుకోండి. పళ్ల చక్రం విరిగితే మాత్రం ముందు అంగళ్లన్నీ వెతకండి. ఒక్క చక్రానికి పన్ను తర్వాత పన్ను కోయించడం మరీ ఖరీదు.

గూళ్లు అమ్మాక, పురుగుల గది కడిగి మందు కొట్టే రోజుల్లో ఈ పని పెట్టుకోండి. చాకీ ఇంట్లో ఉండగా వెళితే బేరమాడే తీరిక మీకుండదు.