పన్నెండు పేర్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పార్సెలు కార్యాలయంలో చీటీలు రాయడం నా పని. ఇటువంటివాణ్ణి పితృకార్యాన్ని గురించి మాట్లాడమని సంఘంవారు పురమాయించినారు. అమావాస్యనాడు తర్పణం వదిలి డ్యూటీకి పోతాననే సంగతి వారికి తెలిసివుండవచ్చు. నాకంతకు మించిన అర్హత లేదు. పెద్దలవల్ల విన్నది, స్వయంగా చేస్తున్నది మనవి చేస్తాను. లోపమున్నచోట తెలిసినవారు సవరించ ప్రార్థన.

ఉగాది పూట పోయినవారి మాటలేమిటని కొందరు అనుకోవచ్చు. పంచాంగం చూడండి. చైత్ర శుద్ధ పాడ్యమికి ముందు వచ్చేది ఫాల్గుణ అమావాస్య. పెద్దలకు నీళ్ళు వదిలిన తరువాతనే మనం వేపపువ్వు పచ్చడి నోట వేసుకొంటున్నాము. పాత సంవత్సరపు ఆఖరిదినం వారిది, కొత్త సంవత్సరపు మొదటిదినం మనది. ఈ వరుస బాగున్నదని నా మనస్సుకు తోస్తుంది.

వూరు విడిచివచ్చినవారికి ఒక బెంగ వుంటుంది. "మా వూళ్ళో యేరున్నది, మా పురోహితుడున్నాడు, మా పెద్దలు అక్కడి మట్టిలో కలిసినారు. ఈ బెంగుళూరులో, అద్దె యింట్లో, మూడో అంతస్తులో నేను పెట్టింది వారికి చేరుతుందా?" అని. నేనూ ఆ బెంగ పడినవాణ్ణే. కాని సంకల్పం అర్థం తెలుసుకొన్న తరువాత అది తగ్గిపోయినది.

సంకల్పంలో మనం మొదట చెప్పేది మన చిరునామా. శ్రీశైలానికి యే దిక్కున వున్నాము, యే రెండు నదుల మధ్య వున్నాము అని చెప్పుకొంటాము. రాజమహేంద్రవరంవారు శ్రీశైలానికి ఈశాన్యమంటారు. అనంతపురంవారు నైరుతి అంటారు. బెంగుళూరులో కూర్చున్న మనం శ్రీశైలానికి దక్షిణంగా, కొంచెం నైరుతిగా, కృష్ణా కావేరుల మధ్య వున్నాము. సొంత యిల్లయితే ఒక మాట, అద్దె యిల్లయితే ఇంకొక మాట కూడా వున్నది. అంటే మనిషి వూరు మారుతాడని, బదిలీ అవుతాడని, అద్దెకుంటాడని మన పూర్వులకు ముందే తెలుసు. దానికి తగిన యేర్పాటు వారే చేసిపెట్టినారు.

నీళ్ళ సంగతీ అంతే. 1974 నుండి ఈ నగరానికి కావేరి నీళ్ళు వస్తున్నవి. తొరెకాడనహళ్ళి దగ్గర నుండి సుమారు వంద కిలోమీటర్లు, కొండెక్కినట్టు యెత్తిపోసి తెస్తున్నారు. మన యింటి కుళాయి తిప్పితే పడేది చాలాచోట్ల ఆ నీరే. కావేరి కోసం మనం పోలేని దినాన కావేరియే మన చెంబులోకి వస్తున్నది. బోరు నీళ్ళ పేటలవారు కూడా చింతపడనక్కరలేదు. కలశంలోకి గోదావరినీ కావేరినీ ఒక్కచోట పిలుచుకోవడం మనకు వాడుకే గదా!

నదికే పోవాలనుకొనేవారికి దారి దగ్గరే. మైసూరు బండి యెక్కి శ్రీరంగపట్నంలో దిగితే అక్కడ కావేరి పడమటికి తిరిగే పశ్చిమవాహిని వున్నది. ఈ ప్రాంతంవారు తరతరాలుగా అస్థికలు కలిపి, పిండాలు పెట్టేది అక్కడే. మన తెలుగునేల మీదనే కావాలంటే శేషాద్రి యెక్స్‌ప్రెస్సులో సామర్లకోటలో దిగండి. పక్కనే పిఠాపురం. గయాసురుడి పాదాలున్నచోటుగా దాన్ని పాదగయ అంటారు. కుక్కుటేశ్వరస్వామి ఆలయంలోని కోనేటి వొడ్డున పిండప్రదానం చేస్తారు. గోదావరి పుష్కరాలు 2015లో జరిగినవి. పన్నెండేళ్ళ లెక్కన మళ్ళీ 2027లో. ముందుగా టిక్కెట్టు తీసుకొమ్మని చెప్పడం నా వుద్యోగధర్మం.

ఖర్చు భయం పెట్టుకోవద్దు. తర్పణానికి కావలసినవి నల్లనువ్వులు, దర్భలు, నీళ్ళు. మల్లేశ్వరంలోనో గాంధీబజారులోనో గ్రంథిగె అంగడిలో అడిగితే దర్భలిస్తారు. దక్షిణముఖంగా కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా పేరుపేరునా మూడేసిసార్లు నీళ్ళు వదలాలి. వంట కుదరకపోతే బియ్యమూ కూరలూ ఇచ్చే ఆమశ్రాద్ధం వున్నది. అదీ కుదరకపోతే హిరణ్యశ్రాద్ధం. విష్ణుపురాణం ఇంకా ముందుకు పోయినది. యేమీ లేనివాడు చేతులు పైకెత్తి, నా దగ్గర భక్తి తప్ప యేమీ లేదని పితృదేవతలకు చెప్పుకొన్నా చాలునన్నది. శ్రద్ధతో చేసేది గనుకనే శ్రాద్ధమన్నారు. అప్పుచేసి చేసేదని అనలేదు.

ఇది ఒక కులానికీ ఒక పద్ధతికీ చెందినదని కూడా నేననను. కోస్తాలో సంక్రాంతికి కొత్తబట్టలు పెద్దలకు పెట్టి, విస్తట్లో వడ్డించి, ఆ తరువాతనే తాము కట్టుకొంటారు. తెలంగాణవారు పెత్రమాసనాడు పెద్దల పేర బియ్యమిస్తారు. ఆ సాయంత్రమే యెంగిలిపూల బతుకమ్మ. మన కన్నడ సోదరులు మహాలయ అమావాస్యకు, పోయినవారికి యిష్టమైనవన్నీ వండి ఆకులో యెడె పెడతారు. మాంసం తినే యింట మాంసమే వండుతారు. కర్ణాటక ప్రభుత్వం ఆ దినాన సెలవు కూడా ఇస్తున్నది. తెలుగు క్రైస్తవ సోదరులు నవంబరు 2న సమాధులు శుభ్రంచేసి దీపాలు పెడతారు. చీనావారు యేప్రిలు మొదట్లో, ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే, పూర్వుల సమాధులు వూడ్చి అన్నం పెడతారు. అన్నం, దీపం, నీళ్ళు వేరువేరు. తలచుకోవడం ఒక్కటే.

కాకులకు పిండాలు పెట్టేవారిని వేమన యెగతాళి చేయలేదా అని మా పిల్లవాడి వంటివారు అడుగుతారు. చేసినాడు. అమ్మకూ నాన్నకూ బతికివుండగా పట్టెడన్నం పెట్టక, పోయిన తరువాత గారెలు వండేవాణ్ణి యెగతాళి చేయవలసిందే. తాతకు పెట్టిన బొచ్చె సామెత మీకందరికీ తెలుసు. మనం పెట్టేది కాకి తింటుందో, పితృదేవతలు తింటారో నేను చూసిరాలేదు. ఆ పూట మన నోటి నుండి వారి పేరు వస్తుంది, పక్కనున్న పిల్లవాడు వింటాడు. ఇది మాత్రం నేను కళ్ళారా చూసినదే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. దూరం మనకు అడ్డం కాదు, ఖర్చు అడ్డం కాదు. అడ్డం వచ్చేది పేర్లు తెలియకపోవడం.

తర్పణానికి యెన్ని పేర్లు కావాలి? తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. తల్లివైపు తాత, ఆయన తండ్రి, ఆయన తాత. ఆ ముగ్గురి భార్యలు. మొత్తం పన్నెండు. బతికివున్నవారిని వదలి పోయినవారికే చేస్తాము గాని, పేర్లు మాత్రం పన్నెండూ తెలిసివుండాలి. గోత్రం తెలియకపోతే కాశ్యపగోత్రమని చెప్పుకొనే దారి వున్నది. తిథి తెలియకపోతే మహాలయపక్షపు అమావాస్య వున్నది. పేరు పోతే మటుకు మనిషి పోయినట్టే. మా కార్యాలయంలో పేరూ వూరూ చెరిగిపోయిన మూటలు వస్తుంటవి. మూట గట్టిగానే వుంటుంది, లోపల సరుకూ మంచిదే. యెవరికివ్వాలో తెలియదు.

మా మిత్రుడొకరు అనంతపురం జిల్లావారు. తండ్రిగారి కర్మకు శ్రీరంగపట్నం పోయినారు. నేనూ వెంట వున్నాను. పురోహితులు పేర్లడిగినారు. తండ్రి, తాత పేర్లు చెప్పినారు. ముత్తాత దగ్గర ఆగిపోయినారు. ఆడవారి పేర్లు అడిగేసరికి నాయనమ్మను అందరూ "అవ్వ" అని పిలవడమే గాని పేరు యెవరూ యెరగరు. వూరికి ఫోను చేస్తే తొంభై దగ్గరపడిన మేనత్త పలికింది. నాలుగు పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వారిలో వూరిబావి తవ్వించినది యెవరో, కరువులో పుట్టింటి నగలమ్మి యింటిల్లిపాదికీ గంజి పోసినది యెవరో కూడా చెప్పింది. మా మిత్రుడు కన్నీళ్ళతో ఆ పేర్లకు నీళ్ళు వదిలినారు. మరుసటి సంక్రాంతి దాటగానే ఆ మేనత్త పోయింది. ఆ ఫోను ఇంకొక ఆరునెలలు ఆలస్యమైవుంటే ఆ నాలుగు పేర్లూ ఆమెతోనే పోయేవి.

మన యిళ్ళలో ముందుగా పోయేవి ఆడవారి పేర్లేనని గమనించండి. అమ్మమ్మ, నాయనమ్మ, జేజి అని వరుసలు మిగులుతవి, పేర్లు మిగలవు.

గయలో, హరిద్వారంలో పండాలు వూళ్ళవారీగా ఖాతాలు పెట్టి, వచ్చినవారి వంశాల పేర్లు తరతరాలుగా రాసివుంచినారు. యెవరో పరాయివారు మన పేర్లు భద్రం చేస్తుంటే, మన పేర్లు మనం రాసుకోలేమా? ఈ పండుగ సెలవులోనే ఒక నోటుపుస్తకం తీయండి. పన్నెండు గీతలు గీయండి. తెలిసినవి రాసి, తెలియనివాటికి వూళ్ళోని ముసలివారికి ఫోను చేయండి. పేరు పక్కన వూరు, పోయిన తిథి, వారిని గురించి ఒక్క మాట రాయండి. ఇంగ్లీషు తేదీ మాత్రమే తెలిస్తే ఆ సంవత్సరపు పంచాంగంలో తిథి దొరుకుతుంది. మా పిల్లలు ఇక్కడే పుట్టి కన్నడంలో చదువుకొంటున్నారు. అందుచేత మా పుస్తకంలో ఒక వరుస తెలుగులిపిలో, ఒక వరుస కన్నడలిపిలో రాయించినాను. రెండూ అక్కచెల్లెళ్ళ లిపులే గదా, ఇబ్బంది లేదు.

చివర ఒక్క విన్నపం. తర్పణం ముగిసేటప్పుడు, మన కులంలో సంతానం లేక పోయినవారికని వస్త్రం పిండి ఆ నీళ్ళు వదులుతారు. మాఘ శుద్ధ అష్టమినాడు పిల్లలు లేని భీష్ముడికి లోకమంతా తర్పణమిస్తుంది. గయలో స్నేహితుడికీ పిండం పెట్టవచ్చునన్నారు. పొట్టకూటికి ఈ నగరానికి వచ్చి, కట్టడాల మీదా హోటళ్ళలోనూ పనిచేసి, అయినవారెవరూ దగ్గరలేకుండా పోయిన తెలుగువారు యెందరో వుంటారు. వచ్చే మహాలయ అమావాస్యనాడు మీ పన్నెండు పేర్ల తరువాత వారికీ ఒక దోసెడు నీళ్ళు వదలండి. పద్ధతి వేరైనవారు ఒక దీపం పెట్టండి, ఆకలిగొన్నవాడికి ఒక పూట అన్నం పెట్టండి. పేర్లు తెలియకపోయినా వారు మనవారే.

 ఈ కొత్త సంవత్సరంలో మీ యింట పిల్లాపాపలు చల్లగా వుండాలని, మీ పెద్దల పేర్లు వారి నోట నిలవాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.