మావోరీ సభాగృహాన్ని చూడటం ఎలా?

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపానికి తూర్పు అంచున ఉన్న తీరప్రాంతం పేరు తైరాఫిటి. దానికి కేంద్రం గిస్బోర్న్ పట్టణం. ఏడాదిలో 2,000 గంటలకు పైగా ఎండ కాసే ఈ నేలలో ద్రాక్ష, నారింజ, మొక్కజొన్న విరివిగా పండుతాయి. 1,752 మీటర్ల ఎత్తయిన హికురంగి పర్వతం ఇక్కడే ఉంది. లోకంలో తొలి ఎండ తాకే చోట్లలో ఆ శిఖరం ఒకటి. 1769 అక్టోబరులో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ న్యూజిలాండ్ నేల మీద మొదట కాలుపెట్టింది గిస్బోర్న్ దగ్గరే. ఆ తొలి రోజుల్లోనే అతని మనుషుల తుపాకులకు ఇక్కడి మూలవాసులైన మావోరీలు పలువురు బలయ్యారు. నేటికీ ఈ ప్రాంతంలో సగానికి పైగా జనం మావోరీలే. వారి కళలన్నీ ఒక్కచోట కలిసి కనిపించేది సభాగృహంలో. దాన్ని మావోరీలు ఫరెనుయి అంటారు.

సభాగృహం ఒక పూర్వీకుడి శరీరం. ఈ ఒక్క మాట తెలిస్తే, చూసేవారికి ప్రతి కొయ్యా అర్థమవుతుంది. ముందువైపు కప్పు కొసన ఉన్న చెక్కుడు ముఖం ఆ పూర్వీకుడిదే. అక్కడినుంచి రెండు వైపులా వాలుగా దిగే పలకలు అతడు చాచిన చేతులు. వాటి చివర చెక్కిన చీలికలు వేళ్లు. లోపల నడికొప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, దూలాన్ని మోసే నిట్టాడు గుండె. లోపల కూర్చున్నవారంతా ఆ పెద్దాయన ఒడిలో ఉన్నట్టే.

గోడల వెంట వరుసగా నిలిచే చెక్కుడు పలకలను పోపో అంటారు. ఒక్కో పలక ఒక్కో పూర్వీకుణ్ణి చూపుతుంది. తల శరీరంతో పోలిస్తే పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే మావోరీల దృష్టిలో తల పరమ పవిత్రం. నీలం, ఆకుపచ్చ మెరుపులీనే పావా అనే సముద్రపు నత్త చిప్పను కళ్లలో పొదుగుతారు. చాలా బొమ్మల్లో నాలుక బయటికి సాచి ఉంటుంది. అది శత్రువుకు విసిరే సవాలు. కొయ్య ఎక్కువగా తోతరా చెట్టుది. తేలిగ్గా చెక్కుకోవచ్చు, ఏళ్ల తరబడి చెడదు.

చెక్కుడు పలకల మధ్య అల్లిక తడికెలు ఉంటాయి. ఒక్కో తడికెకు ఇద్దరు కావాలి. ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చుని, అడ్డపుల్లల సందుల్లోంచి నారను ఒకరికొకరు అందించుకుంటూ కుట్టుకుపోతారు. మెట్లమెట్లుగా పైకెక్కే నమూనా విద్యలో, హోదాలో ఎదుగుదలకు గుర్తు. కిందికి జారే గీతల నమూనా ఆల్బట్రాస్ పక్షి కన్నీళ్లది. ఇక వాసాల మీద ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో, విచ్చుకునే ఫెర్న్ చిగురులా సుళ్లు తిరిగే చిత్రలేఖనం సాగుతుంది.

ఈ కళ శిఖరాన్ని చూపే ఇల్లు ‘తె హౌ కి తూరంగా’. గిస్బోర్న్ దగ్గరి మనుతుకేలో, 1840ల తొలి సంవత్సరాల్లో, రొంగోఫకాతా తెగకు చెందిన రాహారుహి రుకుపో చనిపోయిన తన అన్న జ్ఞాపకార్థం దాన్ని కట్టించాడు. అప్పటికి ఇనుప ఉలులు చేతికి వచ్చాయి కాబట్టి గీతలు మరింత లోతుగా, సన్నగా తెగాయి. అందులో ఒక ముఖం మీద మాత్రం నిజమైన మనిషి పచ్చబొట్టు గీతలు కనిపిస్తాయి. అది రుకుపో తన రూపాన్నే చెక్కుకున్నదని ప్రతీతి. 1867లో ప్రభుత్వం ఆ ఇంటిని తెగవారి నుంచి లాక్కుపోయింది. తర్వాత అది వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియానికి చేరింది. 2012 నాటి చట్టం దానిపై హక్కును రొంగోఫకాతా వారికి తిరిగి ఇచ్చింది.

గిస్బోర్న్ దగ్గరే వైతుహిలో ఉన్న ‘రొంగోపై’ దారి వేరు. మత నాయకుడు తె కూతి రాక కోసం 1887లో కట్టిన ఈ ఇంట్లో చెక్కడం బదులు చిత్రాలు వేశారు. పూర్వీకులు, చెట్లు, పూలు, ఆనాటి దుస్తుల్లో మనుషులు గోడల మీద దర్శనమిస్తారు. 1889లో తె కూతిని అరెస్టు చేశారు, అతడు ఇక్కడికి రానేలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కేవారు తగ్గిపోతుంటే, ఈ తీరంలోనే పుట్టిన నాయకుడు అపిరానా నాటా పూనుకుని 1927లో రోటోరువాలో కళాశిక్షణ పాఠశాల ప్రారంభింపజేశాడు. తికితికి ప్రాంతపు సోదరులు పినే తయాపా, హోనే తయాపా ఆ బడిలో తయారైన పేరుగల శిల్పులు. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన నాతి పోరౌ తెగ సైనికుల స్మృతిలో తికితికిలో కట్టిన సెయింట్ మేరీస్ చర్చిలో చెక్కడం, అల్లిక, రంగులు మూడూ ఒకేచోట చూడవచ్చు. గిస్బోర్న్‌లోనే చూడాలంటే 1930 నాటి ‘తె పోహో ఒ రవిరి’ ఉంది.

ఊళ్లలోని సభాగృహాలు ప్రదర్శనశాలలు కావు. పెళ్లిళ్లు, మృతులకు వీడ్కోళ్లు, ఊరి సమావేశాలు నేటికీ జరిగే చోట్లు. అందుకే ముందుగా అనుమతి అడగాలి, ఆహ్వానం అందేదాకా గుమ్మం ముందు ఆగాలి. స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది, పెద్దలు మాట్లాడతారు, ఆపైన ముక్కూ నుదురూ ఆనించి పలకరిస్తారు. చెప్పులు బయటే విడవాలి, లోపల తినకూడదు, ఫొటో తీసేముందు అడగాలి. ఆ తర్వాత ఒక పలక ముందు నిలబడి ఆ పూర్వీకుడి పేరు ఆ ఇంటివారినే అడగాలి. పేరుతో పాటు వంశకథ కూడా వారే చెబుతారు. చెక్కిన గీతలకు అర్థం ఆ కథలోనే ఉంటుంది.