కుడికన్ను దూరానికి, ఎడమకన్ను దగ్గరకు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కళ్ళజోడు మానేసిన కథ చెప్పమన్నారు కార్యదర్శిగారు. మానలేదండీ, ఇదిగో జేబులోనే ఉంది. ఎందుకుందో చెబుతాను.

అటవీశాఖలో 32 ఏళ్ళు పనిచేశాను, ఎక్కువకాలం పాల్వంచ, అశ్వారావుపేట అడవుల్లోనే. నలభై దాటగానే అందరిలాగే చత్వారం వచ్చింది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. జబ్బు పేరులోనే వయసుంది. కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం వంపు పెంచుకోలేకపోవడమే చత్వారం. 2023 జనవరి 18న కంటి వెలుగు రెండో విడత మన ఖమ్మంలోనే మొదలైంది. ఆ శిబిరాల్లో మనవాళ్ళు చాలామంది దగ్గరి చూపు అద్దాలు తీసుకున్నారు. వాటితో సుఖంగా ఉన్నవారికి నా మాటతో పనిలేదు.

నాకేమో చెమటకు జోడు జారిపోయేది. మా అమ్మాయి హైదరాబాదులో కంటి డాక్టరుగారికి చూపించింది. ఆయన మోనోవిజన్ కాంటాక్టు లెన్సుల సంగతి చెప్పారు. ఒక కంటికి దూరపు చూపు, రెండోదానికి దగ్గరి చూపు. ఏది దేనికి? రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నారు. ఎడమకన్ను మూస్తే గడియారం ఉంది, కుడికన్ను మూస్తే మాయమైంది. అంటే నాకు పెత్తనం కుడికంటిది. మామూలుగా దూరం ఆ కంటికే అప్పగిస్తారట. చెట్ల ఎత్తు కొలిచేటప్పుడు జీవితమంతా ఎడమకన్నే మూసినవాణ్ణి, ఆశ్చర్యపడలేదు.

మొదటిరోజే పేపరూ, పాస్‌బుక్కులో అంకెలూ జోడు లేకుండా చదివేశాను. ఆ సాయంత్రమే టీ కప్పులో పోయబోయి సాసరులో పోశాను. రెండు కళ్ళూ సమానంగా చూస్తేనే మెదడు లోతును సరిగా లెక్కగడుతుంది. ఇక్కడ ఏ దూరానికైనా ఒక కన్ను మసకే. ఆ మసకను పక్కకు నెట్టడం మెదడు నేర్చుకోవాలి. కొన్ని వారాలు పడుతుంది, కొందరికి అసలు కుదరదు అన్నారు డాక్టరుగారు. నేను పదోరోజుకే నేర్చేశాననుకున్నాను.

ఆ ధైర్యంతో మా ఆవిడతో భద్రాచలం వెళ్ళాను. (కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరుపెట్టినవారిదీ నాలాంటి చూపే కాబోలు, అక్కణ్ణుంచి భద్రాచలం 40 కిలోమీటర్లు!) స్నానఘట్టంలో పైమెట్టూ కిందిమెట్టూ ఒకే అంచులా కనిపించాయి. లేని మెట్టు మీద కాలేశాను. మా ఆవిడ చెయ్యి పట్టి లాగకపోతే ఈ ప్రసంగం ఉండేది కాదు.

"ఏమండీ, ఒక కంటితో గోదారినీ, ఇంకో కంటితో మెట్లనీ చూస్తున్నారా?" అంది. సబ్బుతో చేతులు కడిగించి, తుడిపించి, గట్టునే లెన్సులు తీయించింది. అదీ మంచికే. లెన్సులతో నదిలో మునగకూడదు, వాటిని కుళాయి నీళ్ళతో కడగకూడదు. నీటిలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే నల్లగుడ్డు మీద పుండుపడి చూపే పోవచ్చు. డాక్టరుగారు ముందే చెప్పారు, మరిచింది నేనే.

ఇప్పటికి ఎనిమిది నెలలు. పగలు లెన్సులు పెట్టుకుంటాను, మెట్ల దగ్గర కమ్మీ వదలను. కళ్ళు పొడిబారిన రోజు పెట్టుకోను, నిద్రకు ముందు తప్పక తీసేస్తాను. రాత్రి పాల్వంచ రోడ్డులో ఎదురు లారీల దీపాలు ఎడమకంటికి చక్రాల్లా విచ్చుకుంటాయి. బండి నడిపేటప్పుడు లెన్సుల పైన పెట్టుకోవడానికే ఈ జోడు. ఎడమకంటికి కూడా దూరం చూపే అద్దం ఇందులో ఉంది.

శుక్లాల ఆపరేషను చేయించుకోబోయేవారు ఒక సంగతి వినాలి. కంటిలోపల పెట్టే లెన్సులను కూడా ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకు అమర్చే పద్ధతి ఉంది. హాయిగా ఉన్నవారూ ఉన్నారు. మా బావగారు మాత్రం వివరాలు అడక్కుండా ఒప్పుకున్నారు, ఆయనకది నప్పలేదు. కొన్నాళ్ళు మనవడి భుజం పట్టుకునే మెట్లు దిగారు. చివరకు మళ్ళీ జోడే దిక్కయింది. లోపల పెట్టినదాన్ని నాలాగా గట్టున కూర్చుని తీసేయలేం కదా! శుక్లం ముదరకముందైతే, ముందు కొన్ని వారాలు కాంటాక్టు లెన్సులతో పెట్టి చూడవచ్చునేమో డాక్టరుగారిని మీరే అడగండి.

అరచేతుల సందు పరీక్ష చేసుకోదలచినవారు టీ విరామంలో నా దగ్గరకు రండి. గోడ గడియారం ఇక్కడా ఉంది. సెలవు.