సరకుల బండి – సరియైన బరువు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఎడ్లబండి మీద ధాన్యము వేయుట మన పెద్దలకు ఒక విద్య. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి ఎడ్ల మెడతాళ్లు బిగిసికొనును. ముందు బరువెక్కువైనచో వాని మెడలు క్రుంగును. అందుచేత వారు బస్తాలు ముందుకు వెనుకకు జరిపి, నొగను చేతితో ఎత్తి చూచి, బరువు ఇరుసు మీద సరిగా నిలిచిన పిమ్మటనే బండి తోలెడివారు. ఎడ్లు నోరులేని జీవములే యైనను, మోయలేని బరువు వేసినప్పుడు అడుగు కదపక ఆ సంగతి మనకు తెలియజేసెడివి.

నేడు ఆ పనిని పికప్ బండ్లును, ట్రాలీ ఆటోలును చేయుచున్నవి. ధాన్యము, మిరప, ప్రత్తి, ఇసుక, ఎరువు – అన్నియు వాని మీదనే పోవుచున్నవి. ఈ బండి మొరాయించదు. ఎంత వేసినను కదలును. ప్రమాదమునకు మొదలు ఇదియే.

మేము గ్రామములకు పోయినప్పుడు బండి యజమానులు చెప్పెడి మాట ఒకటి గలదు. "కమాను కట్టలకు రెండేసి పట్టీలు అదనముగా వేయించినామండీ, ఇక ఎంత బరువైనను ఫరవాలేదు" అందురు. ఈ మాటలో నిజమెంత గలదో నేడు మనము విచారింతము.

కమాను కట్ట యనగా ఒకదాని మీద నొకటి పేర్చిన ఉక్కు పట్టీలు. అవి ఇరుసునకును, బండి చట్రమునకును నడుమ నుండి బరువును ఓర్చుకొనును. పట్టీలు చేర్చినచో బండి వెనుక భాగము అంతగా క్రుంగదు. అంతవరకు నిజమే. కాని ఆ పట్టీలు బ్రేకులకు బలము చేకూర్చవు. టైర్లు, ఇరుసు, బేరింగులు, చట్రము మునుపటివే గదా! వీనిలో మిక్కిలి బలహీనమైనది ఎంత మోయగలదో, బండి మోయగలిగినది అంతియే. బండి క్రుంగుట "బరువు మించినది" అని అది చెప్పెడి మాట. కమాను గట్టిచేసి మనము దాని నోరు మూయించుచున్నాము గాని బరువు తగ్గించుట లేదు. చట్రమునకును ఇరుసునకును నడుమ అమర్చెడి గాలి సంచుల విషయమును ఇంతే. అవి బండిని సమముగా నిలుపును. మోయవలసిన బరువును పెంచవు.

అట్లని కమానును అశ్రద్ధ చేయరాదు. తగిన బరువుతోనే బండి ఒక ప్రక్కకు ఒరిగినను, వెనుకకు వాలినను పట్టీ విరిగినదేమో చూపించవలెను. విరిగిన దాని స్థానమున తయారీదారు నిర్ణయించిన కొలత గల పట్టీనే వేయించవలెను. కట్టను ఇరుసుకు బిగించెడి యు-బోల్టులు వదులు కాకుండ చూచుకొనవలెను. రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది.

తగిన బరువు ఎంత? అది బండి రిజిస్ట్రేషను పత్రములోనే యున్నది. అందు బండి ఖాళీ బరువును, సరకుతో గూడిన మొత్తము బరువును వ్రాసియుండును. ఉదాహరణకు ఖాళీ బరువు 1,700 కిలోలు, మొత్తము బరువు 3,000 కిలోలు అనుకొందము. తేడా 1,300 కిలోలు. ఖాళీ బరువులో డ్రైవరు చేరడు. కావున డ్రైవరునకును, ముందు సీట్లలో కూర్చుండు ఇద్దరికిని 200 కిలోలు తీసివేసినచో సరకునకు మిగిలినది 1,100 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలైనచో 14. 40 కిలోల బస్తాలైనచో 27. ఇంతకు మించి ఒక్క బస్తాయు వేయరాదు. అట్టి బండి మీద 75 కిలోల బస్తాలు 30 వేసినచో 2,250 కిలోలగును. అనగా రెట్టింపునకు మించినది.

కంటికి కనబడు ఎత్తును నమ్మరాదు. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల తొట్టిలో ఒక అడుగు ఎత్తున పొడి ఇసుక పోసినచో సుమారు 1,800 కిలోలు తూగును. పైన చెప్పిన బండికి 7 అంగుళముల ఎత్తే చాలును. తడి ఇసుకకు అదియు ఎక్కువే. ప్రత్తి, ఎండుగడ్డి దీనికి భిన్నము. బరువు మించకపోయినను ఎత్తు మించును. అప్పుడు బండి మలుపులలోను, కాలువ గట్ల మీదను బోర్లపడును. కరెంటు తీగలకు తగిలి గడ్డి అంటుకొనును.

వేసిన బరువును ఎక్కడ ఉంచవలెనో ఎడ్లబండియే మనకు నేర్పినది. బరువైన బస్తాలు క్రిందను, వెనుక ఇరుసుకు ముందు ప్రక్కను, రెండు వైపుల సమముగాను ఉండవలెను. బరువంతయు వెనుక తలుపు మీదకు చేరినచో ముందు చక్రములు తేలికయగును. స్టీరింగు మాట వినదు. ముందు బ్రేకులు పట్టు కోల్పోవును. రాత్రివేళ దీపముల వెలుగు పైకి లేచి ఎదుట వచ్చువాని కన్నులలో పడును. ముందు బరువెక్కువైన కాడి ఎడ్లను బాధించినట్లే, వెనుక బరువెక్కువైన బండి ఎదుటి మనిషిని బాధించును. సరకును మోకులతో బిగించి కట్టి, కొంత దూరము పోయిన పిమ్మట ఆగి మరల బిగించవలెను.

బరువుతో పోవునప్పుడు వేగము తగ్గించుట తప్పనిసరి. గంటకు 40 కిలోమీటర్ల వేగమును 60 చేసినచో, బండిని ఆపుటకు బ్రేకులు అణచవలసిన శక్తి రెండుంబావు రెట్లగును. పల్లము దిగునప్పుడు క్రింది గేరులో దిగవలెను. ఊరక బ్రేకు మీద కాలుంచినచో అవి వేడెక్కి పట్టు తప్పును. టైర్లలో గాలి తక్కువైనచో అవి నలిగి, వేడెక్కి పగులును. కనుక బయలుదేరుటకు ముందే గాలి చూచుకొనవలెను.

ఇందులో పంచాయతీకి పనియేమి యని మీరడుగవచ్చును. మొదటిది, రోడ్డు మీది. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిపిన రోడ్డు పరీక్షలలో, ఇరుసు మీది బరువు రెండింతలైనచో రోడ్డుకు కలుగు నష్టము రమారమి పదునారింతలగునని తేలినది. ఎన్నో అర్జీలు పెట్టి తెచ్చుకొన్న ఊరి రోడ్డు త్వరగా చెడుటకు మన బరువులే కారణమగుట విచారకరము.

రెండవది, ప్రాణము మనవారిది. బరువు మీద కూలీలను కూర్చుండబెట్టుట మన ప్రాంతమున అలవాటైనది. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునకు నష్టపరిహారము చెల్లించు బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ప్రమాదము జరిగినచో ఆ కుటుంబమునకు ప్రాణనష్టముపై ధననష్టము కూడ వచ్చి పడును.

మూడవది, దోషము డ్రైవరు ఒక్కనిది కాదు. "ఒక్క ట్రిప్పులోనే అన్నియు వేయి, రెండవ బాడుగ ఇవ్వలేను" అని యడిగెడి మనదియు నున్నది. ఒక డ్రైవరు కాదన్నచో మరియొకరు వత్తురు. కాదన్నవానికి బాడుగ పోవును. 2019 సవరణ తరువాత అధిక బరువునకు చట్టములోని జుల్మానా 20,000 రూపాయలు. మించిన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు. రెండవ ట్రిప్పు బాడుగ దీనికంటె ఎంత తక్కువో మీరే లెక్కించుకొనుడు.

ఒక్కడు చేయలేని దానిని ఊరంతయు కలిసి చేయవచ్చును. కోతలకు ముందే రైతులను, బండ్ల వారిని పంచాయతీ కార్యాలయమునకు పిలిచి మాట్లాడుడు. రెండవ ట్రిప్పునకు ఇరువురకును గిట్టెడి బాడుగను వారిచేతనే నిర్ణయింపజేయుడు. ప్రతి బండి పత్రము చూచి, "ధాన్యము 75 కిలోల బస్తాలు 14 మాత్రమే" యనునట్లు ఆ బండికి తగిన లెక్కను వెనుక తలుపు మీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. పంచాయతీ పనులకు తోలెడి ఇసుక, కంకరలకు కాటా చీటీ చూచియే బిల్లు చెల్లించుడు.

ఎద్దు నిలిచిపోయి చెప్పెడి మాటను ఈ బండి చెప్పజాలదు. దాని బదులు ఆ తలుపు మీది అక్షరములు చెప్పవలెను. వానిని మనము మన్నింపవలెను. రానున్న కోతలకు మీ మీ గ్రామములలో ఆ అక్షరములు కనబడవలెనని మా మనవి.