వేసవి సెలవుల్లో ప్లస్ వన్ జీవశాస్త్రానికి సన్నాహం



పదో తరగతి పరీక్షలు ముగిసిన రోజు నుంచి జూన్ నెలలో బడి తెరిచే రోజు వరకు పిల్లల చేతిలో ఆరేడు వారాల తీరిక ఉంటుంది. కత్తిరి ఎండలు కాసే ఈ రోజుల్లో ప్లస్ వన్‌లో జీవశాస్త్రం తీసుకోదలచిన విద్యార్థులు ఏమి చేస్తే బాగుంటుందో ఈనాటి ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. ముఖ్యంగా తిరువళ్ళూరు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల్లో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు తమిళ మాధ్యమానికో ఇంగ్లీషు మాధ్యమానికో మారబోతున్న పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతున్నాను.

మన సంగతి మిగతావారి సంగతి వంటిది కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సరిహద్దు మారినా ఇళ్ళలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, దరఖాస్తుల్లో ఇంగ్లీషు. ఈ మూడింటితోనూ మన పిల్లలు చిన్ననాటి నుంచి నెట్టుకొస్తూనే ఉన్నారు. అయినా ప్లస్ వన్ తరగతి గదిలో అడుగు పెట్టిన మొదటి నెలలోనే కొందరు తడబడిపోతారు. బజారులో మాట్లాడే తమిళం వేరు, పాఠ్యపుస్తకంలో ఉండే తమిళం వేరు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కరలేదు.

నా అనుభవమే చెబుతాను. నేను కూడా తెలుగు మాధ్యమంలో పదో తరగతి ప్యాసై, ప్లస్ వన్ ఇంగ్లీషు మాధ్యమంలో చేరినదాన్నే. మొదటి పరీక్షలో ఆస్మాసిస్ అంటే ఏమిటో రాయమన్నారు. ద్రవాభిసరణ అని అడిగి ఉంటే బొమ్మ గీసి మరీ రాసేదాన్ని. ఆ రెండు మాటలూ ఒకే విషయానికి పేర్లని నాకు తెలియదు. కాగితం ఖాళీగా ఇచ్చి వచ్చాను. "తెలుగు మీడియం పిల్లలకు ఈ గ్రూపు ఎందుకమ్మా, మార్చుకో" అన్నారు. నేను మొండికేసి మారలేదు, అంతే. మారి ఉంటే ఈనాడు సైన్సు టీచరునై ఉండేదాన్ని కాదు.

కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మాత్రం మారిపోయింది. పదో తరగతిలో గుండె బొమ్మ గీస్తే నేను మిగతా పిల్లలకు చూపించేదాన్ని. జూలై నెలలో బస్టాండులో కనబడి, "గ్రూపు మార్చేసుకున్నాను టీచర్, ఒక్క మాటా అర్థం కావడం లేదు" అన్నది. ఆ అమ్మాయికి జీవశాస్త్రం రాక కాదు, జీవశాస్త్రపు మాటలు రాక. వేసవిలో ఒక్కసారి పిలిచి నాలుగు మాటలు చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఆ పని నేను చేయలేదు. ఈ ప్రసంగానికి కారణం అదే.

అందుచేత విద్యార్థులకు నేను చెప్పే మొదటి మాట ఇది. ఈ సెలవుల్లో ప్లస్ వన్ పుస్తకమంతా ముందే బట్టీ పట్టే ప్రయత్నం చేయకండి. ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో తమిళం మాట, నాలుగో గడిలో ఒక చిన్న బొమ్మ గాని, ఇంట్లోనో పొలంలోనో చూసిన ఒక ఉదాహరణ గాని. రోజుకు పది మాటలు రాస్తే నలభై రోజుల్లో నాలుగు వందల మాటలవుతాయి. ప్రతి ఆదివారం కొత్త మాటలు రాయకుండా పాతవి ఎవరిచేతనైనా అడిగించుకోండి.

ఇలా రాస్తూ పోతే మీకే ఒక విషయం తెలిసివస్తుంది. ఈ మాటలు కనిపించేటంత కఠినం కావు. కొన్ని ఉదాహరణలు చెబుతాను. క్లోరోఫిల్ అనే మాట గ్రీకు భాష నుంచి వచ్చింది. క్లోరో అంటే పచ్చ, ఫిల్ అంటే ఆకు. మన తెలుగులో పత్రహరితం అన్నాం. పత్రమంటే ఆకు, హరితమంటే పచ్చ. తమిళంలో పచ్చైయం అన్నారు. అందులోనూ పచ్చ ఉన్నది. ఫోటోసింథసిస్‌ను మనం కిరణజన్య సంయోగక్రియ అంటాం, తమిళంలో ఒళిచ్చేర్కై అంటారు. ఒళి అంటే వెలుగు, చేర్కై అంటే మన చేరిక. ఆకు నుంచి నీరు ఆవిరిగా పోవడాన్ని ఇంగ్లీషులో ట్రాన్స్‌పిరేషన్, తెలుగులో బాష్పోత్సేకం అంటారు. తమిళంలో నీరావిప్పోక్కు, అంటే నీటి ఆవిరి పోక. నిజం చెప్పాలంటే మన పుస్తకంలోని సంస్కృతపు మాట కన్నా ఆ తమిళపు మాటే తెలుగు పిల్లవాడికి తొందరగా అర్థమవుతుంది. మూత్రపిండాన్ని తమిళంలో సిఱునీరగం అంటారు. చిరునీరు ఉండే ఇల్లు అని విడదీసుకుంటే మరచిపోలేరు. వేరుకు వేర్, కాయకు కాయ్, పువ్వుకు పూ. ఇవి వేరే నేర్చుకోనక్కరలేదు.

నేత పనివారి ఇళ్ళ పిల్లలకు మరొక మాట. టిష్యూ అంటే కణజాలం. ఆ ఇంగ్లీషు మాట పాత ఫ్రెంచి భాషలోంచి వచ్చింది. దానికి మూలార్థం నేసిన బట్ట. పడుగూ పేకా కలిసి బట్ట అయినట్టు, ఒకే పని చేసే కణాలు కలిసి కణజాలమవుతాయి. మగ్గం పక్కన పెరిగిన పిల్లలకు ఇంతకంటే వివరించి చెప్పాలా?

రెండో మాట, పదో తరగతి పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేయకండి. మొక్కల్లో నీరు పైకెక్కడం, జంతువుల్లో రక్త ప్రసరణ, నాడీ వ్యవస్థ, హార్మోన్లు, అనువంశికత, ఇవన్నీ అందులో ఉన్నవే. ప్లస్ వన్‌లో ఇవే కొన్ని మరింత లోతుగా వస్తాయి. మొదటి రెండు వారాలు ఆ పాఠాలు తిరగేయండి. తమిళనాడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు తెలుగులో చదివిన పాఠాన్నే చేరబోయే మాధ్యమంలో పక్కన పెట్టుకొని చదవండి. విషయం తెలిసినదే కాబట్టి మాట ఒక్కటే కొత్తగా ఉంటుంది. నగరి, పుత్తూరు వైపు మీ బంధువుల పిల్లలు ఇంటర్మీడియట్ చదువుతుంటే వారి తెలుగు జీవశాస్త్రం పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. పాఠాల వరుస ఒకటే కాకపోయినా అర్థం కాని చోట అవి చేయి అందిస్తాయి.

మూడో మాట, కళ్ళతో చూడడం. దీనికి ప్రయోగశాల అవసరం లేదు, ఒక భూతద్దం ఉంటే చాలు. ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఊరగాయ పెడతారు. మా అవ్వ మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మరునాటికి ముక్కలు తేలేటంత ఊట వచ్చేది. నీళ్ళు ఎవరూ పోయలేదు కదా, మరి ఆ ఊట ఎక్కడిది? ముక్కలోని కణాల చుట్టూ ఉప్పు చిక్కగా చేరినప్పుడు కణంలోని నీరు పొర గుండా బయటికి వస్తుంది. అదే ద్రవాభిసరణ, అదే ఆస్మాసిస్, తమిళంలో సవ్వూడు పరవల్. ఎండు ద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అక్కడ నీరు లోపలికి పోతుంది. నేను పరీక్షలో ఖాళీగా వదిలిన ప్రశ్నకు జవాబు ఏటేటా మా వంటింట్లోనే ఉన్నది.

పొద్దున్నే వేపకొమ్మకు ఒక పాలిథిన్ సంచి కట్టి మధ్యాహ్నం చూడండి. లోపల నీటి బొట్లు కనబడతాయి. పెసలు నానబెట్టి తడిగుడ్డలో పెట్టి, మొలక ఎంత పెరిగిందో రోజూ కొలిచి రాయండి. పక్కనే నాలుగు వడ్లు కూడా మొలకెత్తించండి. పెసరలో రెండు బద్దలు, వరిలో అటువంటివి లేవు. ద్విదళ బీజం, ఏకదళ బీజం అనే తేడా అక్కడే తెలుస్తుంది. శంఖుపుష్పం, ఉమ్మెత్త, ఉల్లి, ఈ మూడింటి వర్ణన ప్లస్ వన్ పాఠంలో ఉన్నది. మూడూ మన చుట్టుపక్కల ఉన్నవే. శంఖుపువ్వును విప్పి కేసరాలు లెక్కపెట్టండి. పది ఉంటాయి. తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. ఉమ్మెత్త విషం కాబట్టి ముట్టుకున్న తరువాత చేతులు శుభ్రంగా కడుక్కోండి, చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

తిరుత్తణి కొండకు వెళ్ళినప్పుడు మెట్ల కింద నిలబడి ఒక నిమిషం నాడి చూసుకోండి. 365 మెట్లు ఎక్కి పైన మరొకసారి చూసుకోండి. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. ఆ మూడు అంకెలూ రాసుకొని, ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అని ఆలోచించండి. రక్త ప్రసరణ పాఠం చెప్పేటప్పుడు మీ దగ్గర సొంత లెక్క ఉంటుంది. వానపాము, బొద్దింక, కప్ప, ఈ మూడూ జంతుశాస్త్రంలో వస్తాయి. వాటిని చంపనక్కరలేదు. ఎలా కదులుతున్నాయో, ఎక్కడ దాక్కుంటున్నాయో చూసి రాస్తే చాలు.

ఈ చదువు మన ఊరికి దూరమైనదని అనుకోకండి. తిరువళ్ళూరు దగ్గర తిరూరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వరి పరిశోధన కేంద్రం ఉన్నది. టి.కె.ఎం. అనే పేరుతో వచ్చే వరి రకాలు అక్కడివే. తిరూర్కుప్పం అనే పేరులోని అక్షరాలవి. వాటిలో టి.కె.ఎం. 6 అనే రకానికి కాండం తొలిచే పురుగును తట్టుకునే గుణం ఉండేది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1969లో విడుదల చేసిన ఐ.ఆర్. 20 వరికి ఒక తల్లివేరు ఈ టి.కె.ఎం. 6. మన మడిలోని గింజ దేశాలు దాటింది. ఆ గుణాన్ని గుర్తించడానికి కావలసినది జీవశాస్త్రమే.

అలాగే కణ శ్వాసక్రియ పాఠంలో ఏటీపీ అనే మాట పదే పదే వస్తుంది. కణానికి శక్తినిచ్చే ఆ పదార్థాన్ని 1929లో కనుగొన్న వారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. భీమవరంలో పుట్టిన ఆయన రెండుసార్లు మెట్రిక్యులేషన్ తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి నెగ్గారు. మొదటి పరీక్షలో మార్కులు తగ్గాయని దిగులుపడే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. జీవశాస్త్రం అనగానే నీట్ పరీక్ష, డాక్టరు చదువు అని మాత్రమే అనుకుంటున్నాం. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 జీవశాస్త్రానివే, నిజమే. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లలకు తమిళనాడులో 2020 నుంచి వైద్య సీట్లలో ఏడున్నర శాతం కేటాయింపు ఉన్నది. కాబట్టి ప్లస్ వన్‌కు పిల్లవాణ్ణి ప్రభుత్వ బడి నుంచి తీసి ప్రైవేటు బడిలో వేసే ముందు ఒకసారి ఆలోచించండి. అయితే దారి అదొక్కటే కాదు. వ్యవసాయం, పశువైద్యం చదువులకు ఈ రాష్ట్రంలో ప్లస్ టూ మార్కులే ఆధారం. నర్సింగు, ఫార్మసీ, ల్యాబు పరీక్షల చదువులున్నాయి. నాలాగా టీచర్లూ కావచ్చు.

మరొక సంగతి. 2017-18 నుంచి ప్లస్ వన్‌కు కూడా పబ్లిక్ పరీక్ష ఉండేది. 2025లో వచ్చిన రాష్ట్ర విద్యా విధానం దాన్ని తీసివేసింది. పబ్లిక్ పరీక్ష లేదు కదా అని ప్లస్ వన్ పాఠాలను తేలికగా తీసుకోవద్దు. కణం, జీవాణువులు, శ్వాసక్రియ, రక్త ప్రసరణ, అన్నీ ఆ ఏడాదివే. పునాది అక్కడ పడుతుంది.

చివరి వారంలో చేయవలసిన పని ఒకటి మిగిలింది. చేరబోయే మాధ్యమంలో రోజుకు ఐదు వాక్యాలు సొంతంగా రాయండి. మామిడి ముక్క గురించో, మొలక గురించో, నాడి గురించో, మీరు చూసినదాన్నే రాయండి. తప్పులు వస్తే రానివ్వండి. బడి తెరిచిన మొదటి రోజున ఆ నోటుపుస్తకం మీ టీచరుకు చూపించి, "మేము తెలుగులో చదివి వచ్చాం, ఇది మా ప్రయత్నం" అని ధైర్యంగా చెప్పండి. మాట తెలియకపోతే చేయి ఎత్తి అడగండి. తెలియని మాట దగ్గర మౌనంగా కూర్చోవడం వల్లనే మన పిల్లలు వెనకబడుతున్నారు.

తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. ఈ వేసవిలో మీ దగ్గర పదో తరగతి ముగించిన తెలుగు పిల్లలను ఒక పూట పిలిచి కూర్చోబెట్టండి. నలుగురైదుగురు వచ్చినా చాలు. జూలైలో బస్టాండులో కలుసుకునే దాకా ఆగవద్దు.